ఎర్రసిరా సగటు

మా కాలేజీకి యాభై ఏళ్లు నిండుతున్నాయని ఒక పుస్తకం అచ్చు వేయాలనుకున్నారు. అందులో ప్రవేశ పరీక్ష మార్కుల పట్టిక ఉండాలన్నారు. ఆ పట్టికని మొదట తయారుచేసింది నేనే కాబట్టి, ఒకసారి సరిచూసి పెట్టమని ప్రిన్సిపాల్ నాకు కబురు పెట్టాడు. నేను పరీక్షల విభాగంలో గుమాస్తాగా రిటైరై ఐదేళ్లయింది. మా ఆవిడ పోయి నాలుగేళ్లు. ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే, అదీ నేను పెడితేనే. పిలిచినవాడికి మనసులో ఒక దండం పెట్టుకుని మర్నాడే వెళ్లాను.

ఆ పట్టిక గురించి కొంచెం చెప్పాలి. కాలేజీ పెట్టినప్పటినుంచి ప్రతి ఏడూ ప్రవేశ పరీక్షలో మగపిల్లల సగటు ఎంత, ఆడపిల్లల సగటు ఎంత అన్నది అందులో ఉంటుంది. మార్కులు రెండువందల యాభైకి. నూరు దాటితే సీటు. ముప్పై ఏళ్ల కిందట అప్పటి ప్రిన్సిపాల్ అడిగితే, అంతవరకు ఉన్న ఇరవై రిజిస్టర్లూ ముందేసుకుని నెల రోజులు కూర్చుని కట్టిన లెక్క అది. ఆ తర్వాత ఏడాదికో వరుస కలుపుతూ వచ్చాం. అన్నేళ్లకీ కలిపి అడుగున ఒక సగటు ఉంటుంది. దాని ప్రకారం ఆడపిల్లలు మగపిల్లలకంటే పదిహేడున్నర మార్కులు వెనక.

పదిహేడున్నర అంటే మా కాలేజీలో అటెండరు కూడా తల ఊపుతాడు. ఆ అంకె మీద మనస్తత్వశాస్త్రం ప్రొఫెసరు ఒకాయన పెద్ద థీసిస్ రాసి డాక్టరయ్యాడు. అప్పటినుంచి ఆయన్ని అందరం థీసిస్‌గారు అనే అంటాం. పట్టికలో ఒక విచిత్రం ఉంది. మొదటి పదిహేనేళ్లూ ఆడపిల్లల సగటు డెబ్బై ఒకటి దగ్గర కుంటుతూ నడిచి, పదహారో ఏట ఒక్క ఉదుటున యాభై మార్కులు ఎగిరి మగపిల్లల పక్కన నిలబడింది. ఆ ఏడే పరీక్షలు పాత హాల్లోంచి కొత్త హాల్లోకి మారాయి. పాత హాల్లో గోడగడియారం ఉండేది, కొత్త హాల్లో లేదు. టిక్కుటిక్కు చప్పుడుకి ఆడపిల్లల ఏకాగ్రత చెదురుతుందని, గడియారం తీసేయగానే తెలివి తేటపడిందని థీసిస్‌గారు నాలుగువందల పేజీల్లో నిరూపించాడు. ఆ తర్వాత ఎన్ని కాలేజీల హాళ్లలోంచి గడియారాలు దిగిపోయాయో నాకు తెలీదు.

అదే పట్టికని చూసి ఒక బట్టల వ్యాపారి కదిలిపోయాడు. తాను చదువుకోలేకపోయిన మనిషి. కాలేజీకి ఒక దస్తావేజు రాసిచ్చాడు. ఆడ, మగ ఇద్దరిలో మొత్తం మీద సగటు తక్కువున్నవారికి ప్రవేశ పరీక్ష కోసం ఉచిత తరగతి నడపాలి, పొద్దున్న ఆరునుంచి ఎనిమిదిదాకా, అంటే పనులకు వెళ్లేవాళ్లకి కూడా వీలయ్యేలా. సైకిల్‌స్టాండు పక్క గదిలో ఆ తరగతి ఇరవై రెండేళ్లుగా నడుస్తోంది. కుట్టుమిషన్ల దగ్గర పనిచేసే పిల్లలు, బస్సు డిపోలో టికెట్లు చించే పిల్లలు, ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పిల్లలు వచ్చి కూర్చుంటారు. చెప్పేది మా మరదలు, మా ఆవిడకి చెల్లెలు. నేను ఆమెని పంతులమ్మ అనే పిలుస్తాను. ఆమె నన్ను బావగారూ అనే పిలుస్తుంది గానీ, ఆ గారులో ఎంత వెటకారం పోయాలో సందర్భాన్నిబట్టి చూసుకుంటుంది.

సరే, స్టోర్‌రూము తాళం తీయించుకుని రిజిస్టర్ల దుమ్ము దులపడం మొదలుపెట్టాను. మా పరీక్షల విభాగంలో ఒక పద్ధతి ఉండేది. మార్కుల రిజిస్టర్లో పేర్లు రాయరు, నంబర్లే. పేరు కనిపిస్తే చెయ్యి వంకరపోతుందని మొదటి ప్రిన్సిపాల్ పెట్టిన నియమం. నేను ఉద్యోగంలో చేరింది పదహారో ఏట. మరి ఆడపిల్లలెందరో తేలిగ్గా లెక్క తెలియాలి కదా అంటే, వాళ్ల వరుసలు వేరే రంగులో రాయమన్నారు. నాకంటే ముందున్న పెద్ద గుమాస్తా ఖాళీ చేసిపోయిన బల్ల మీద సగం వాడిన ఎర్రసిరా బుడ్డి ఉంది. ఓహో, ఇందుకే కాబోలు అనుకుని అందులోనే కలం ముంచాను. తర్వాత నాలుగేళ్లకి పట్టిక కట్టమన్నప్పుడు వెనక్కి వెళ్లి ఆ పెద్దాయన రాసిన పదిహేను రిజిస్టర్లు విప్పాను. వాటిలోనూ నీలం వరుసలు, ఎరుపు వరుసలు ఉన్నాయి. నీలం మగ, ఎరుపు ఆడ. లెక్క కట్టాను. ఎక్కడా అంకె తప్పలేదు. కూడికల్లో తప్పు పోయే మనిషిని కాను.

పాత రిజిస్టర్ల బీరువా వెనక, న్యూస్‌పేపర్లో చుట్టిన ఫోటో ఒకటి దొరికింది. ఎప్పుడో గోడలకి సున్నం వేసినప్పుడు దించి, మళ్లీ తగిలించడం మర్చిపోయినట్టున్నారు. పుస్తకంలోకి పనికొస్తుందని తుడిచాను. కింద అట్టమీద ముత్యాల్లాంటి అక్షరాలు: మూడో సంవత్సరం, ప్రవేశ పరీక్షలో మొదటి పది స్థానాలు. ఆరుగురు మగపిల్లలు వెనక నిలబడ్డారు. నలుగురు ఆడపిల్లలు ముందు కుర్చీల్లో కూర్చున్నారు. ఎడమనుంచి రెండో కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని, ఫోటో తీసేవాడు త్వరగా కానిస్తే బాగుండునన్నట్టు చూస్తున్న పిల్ల మా ఆవిడ.

నేను చాలాసేపు ఆమెనే చూశాను. అది సహజం. ఆ తర్వాత చూడవలసింది చూశాను. నేను కట్టిన లెక్క ప్రకారం ఆ మూడో ఏట నూరు మార్కులు దాటిన ఆడపిల్ల ఒక్కతీ లేదు. నూరు తగ్గిన మగపిల్లాడూ ఒక్కడు లేడు. ఆ ఏడే కాదు, పదిహేనేళ్లూ అంతే. కత్తితో కోసినట్టు నూరు దగ్గర గీత. వయసులో ఉన్నప్పుడు ఆ గీత చూసి ప్రకృతి ఎంత స్పష్టంగా ఉందోనని మురిసిపోయాను కూడా. పెద్ద గుమాస్తా ఎర్రసిరా వాడింది ఆడపిల్లలకి కాదు. తప్పినవాళ్లకి. నేను ఆ పదిహేనేళ్లలో తప్పిన ప్రతి మగపిల్లాణ్ణీ ఆడపిల్లగా మార్చి, నెగ్గిన ప్రతి ఆడపిల్లకీ మీసాలు పెట్టాను. పదహారో ఏట మారింది హాలు కాదు, గడియారం కాదు. గుమాస్తా.

ముప్పై ఏళ్ల కిందట పట్టిక పూర్తయిన సాయంత్రం, దానికోసం రాసుకున్న మార్కుల కాయితాలతో సహా ఇంటికి తెచ్చి మా ఆవిడకి చూపించాను. ఆమె వేలుపెట్టి పైనుంచి కిందికి చూసింది.

"ఆ రోజుల్లో వంద దాటిన ఆడపిల్ల ఒక్కతీ లేదా?"

"లేదు."

"మరి నేనెలా చేరాను?"

అప్పట్లో ప్రిన్సిపాల్ దయతలిచి కొందరు ఆడపిల్లల్ని మార్కులు తక్కువైనా చేర్చుకునేవారని ఎవరో అనగా విన్నాను. ఆ మాట మొహం మీద అనడం ఇష్టంలేక, "సగటు వేరు, మనిషి వేరు. నువ్వు మినహాయింపు," అన్నాను.

ఆమె కాయితాలు మడిచి నా చేతిలో పెట్టి, "సరే. మినహాయింపు టీ పెడుతుంది. సగటు మనిషి వెళ్లి కప్పులు కడగండి," అంది.

అంతే. ముప్పై ఏడేళ్ల కాపురంలో నేను ఆమె మార్కులు అడగలేదు. అడిగితే చిన్నబుచ్చుకుంటుందని. అది నా పెద్దమనసు అనుకునేవాణ్ణి.

మర్నాటినుంచి పాత దరఖాస్తుల కట్టలు విప్పాను. వాటిమీద పేరు, ఫోటో, నంబరు అన్నీ ఉంటాయి. ఒక్కొక్కటీ తీసి రిజిస్టర్లో నంబరు వెతికి, ఆడో మగో గుర్తుపెట్టుకుంటూ మూడువేల పైచిలుకు కాయితాలు చూశాను. ఏడు వారాలు పట్టింది. పురుగులు కూడా పాపం పేరూ ఫోటో నంబరూ ఉన్న పైభాగం వదిలేసి మిగతాది తిన్నాయి. మా ఆవిడ దరఖాస్తు రెండో రోజే దొరికింది. నంబరు అరవై ఒకటి. రిజిస్టర్లో అరవై ఒకటి ఎదురుగా, నీలం సిరాలో, నూట ఎనభై ఏడు.

నేనూ ఆ కాలేజీలోనే చదివాను. నాకు అంతకు ముందు ఏడు అదే పరీక్షలో వచ్చినవి నూట పద్దెనిమిది. ఆ అంకె మా ఇంటికొచ్చిన చుట్టాలందరికీ తెలుసు. నేనే చెప్పేవాణ్ణి. చెబుతున్నప్పుడల్లా ఆమె పక్కనే ఉండేది. "మా ఆయన లెక్కల్లో గట్టివారు," అనేది. నీకెన్ని అని ఎవరైనా అడిగితే, "ఏదో, గట్టెక్కాను," అనేది.

కొత్త లెక్క తేలింది. మొదటి పదిహేనేళ్లలో ఆడపిల్లల సగటు నూట నలభై మూడు. మగపిల్లలది నూటనాలుగు. యాభై ఏళ్లకీ కలిపి చూస్తే వెనకున్నది మగపిల్లలు. పదమూడు మార్కులు.

మనసు తేలికపడాలి కదా. పడలేదు. దస్తావేజు గుర్తొచ్చింది. సగటు తక్కువున్నవారికి తరగతి. నేను నిజం చెప్పిన మరుక్షణం పంతులమ్మ గదిలో ఉన్న పిల్లలకి అక్కడ కూర్చునే హక్కు పోతుంది. పరీక్ష ఇంకా పది వారాలే ఉంది. ముప్పై ఏళ్లు ఎవరూ పట్టుకోని తప్పు, ఇంకో పది వారాలు ఆగితే కొంపలేం మునుగుతాయి? పాత పట్టికనే శుభ్రంగా తిరగరాసి ఇచ్చేద్దాం, పరీక్ష అయ్యాక చూసుకుందాం అనుకున్నాను. ఎందుకైనా మంచిదని ఒకసారి ఆ తరగతి చూసివద్దామని పొద్దున్నే వెళ్లాను.

ఆ రోజు కొత్తగా చేరినవాళ్లు ముగ్గురున్నారు. పాతవాళ్లతో కలిపి పంతొమ్మిది మంది. పంతులమ్మ వాళ్లని గోడకి తగిలించిన పట్టిక ముందు నిలబెట్టింది. నా పట్టికే, పెద్దక్షరాల్లో.

"చూశారా? మనం పదిహేడున్నర మార్కులు వెనకబడి మొదలుపెడుతున్నాం. అవతలివాళ్లు ఒక గంట చదివితే మనం గంటన్నర చదవాలి. తెలిసిందా?"

బొత్తాల దుకాణంలో పనిచేసే పిల్ల చెయ్యెత్తింది. పొట్టిగా, చురుగ్గా ఉంది. "టీచర్, ఆ అర మార్కు ఎవరిదండీ?"

"నీదే. కూర్చో."

"నాదైతే ఇచ్చేస్తానండీ, పదిహేడు చేసుకోండి."

అందరూ నవ్వారు. కొత్తగా వచ్చిన ముగ్గురిలో ఒకమ్మాయి మాత్రం నవ్వలేదు. పట్టిక వైపే చూస్తూ పక్కనున్న అమ్మాయితో, "మనవల్ల అవుతుందంటావా?" అంది మెల్లగా. అది నాకు వినిపించింది. వినిపించకపోయి ఉంటే ఈ కథ లేదు.

ఎనిమిదింటికి పిల్లలు పనులకి పరుగెత్తాక, సుద్దముక్కలు డబ్బాలో వేసుకుంటున్న మరదలి దగ్గరికి వెళ్లాను.

"పంతులమ్మా, ఒక తప్పు జరిగింది."

"ఎవరు చేశారు?"

"నేను."

"అయితే కూర్చుని చెప్పండి. మీరు నిలబడి చెప్పేంత చిన్న తప్పు చెయ్యరు."

చెప్పాను. ఎర్రసిరా, పెద్ద గుమాస్తా, ఫోటో, నూరు దగ్గర గీత, అన్నీ. ఆమె సుద్దముక్కలు ఒక్కొక్కటే డబ్బాలో వేస్తూ వింది. చివర్లో మూత నొక్కిన తీరుకి నాకు భయం వేసింది.

"మీ అక్క మార్కులు తెలుసా నీకు?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"నూట ఎనభై ఏడు. మా ఇంట్లో గోడలకి కూడా తెలుసు."

"నాకెందుకు చెప్పలేదూ?"

"మీరు పరిచయమైన మొదటి రోజే నూట పద్దెనిమిది అని ఛాతీ విరుచుకుని చెప్పారట కదా. ఆ తర్వాత అదింకేం చెబుతుంది, పాపం. మా అందరిచేతా ఒట్టు వేయించుకుంది." ఆమె లేచి గోడమీది పట్టిక దగ్గరికి వెళ్లింది. "అక్క సంగతి అలా ఉంచండి బావగారూ. నా సంగతి చెప్పండి. ఇరవై రెండేళ్లు. వచ్చిన ప్రతి పిల్లనీ దీని ముందు నిలబెట్టాను. భయం పెడితే చదువుతారని."

"చదివారు కదా. ఎంతమందికి సీట్లొచ్చాయో నా దగ్గర లెక్కుంది."

"చదివినవాళ్ల లెక్కుంటుంది. ఈ గోడ చూసి, మావల్ల కాదులెండి టీచర్ అని మర్నాటినుంచి రానివాళ్ల లెక్కుందా? ఏ సిరాతో రాశారు వాళ్లని?"



"చెబితే తరగతి పోతుంది," అన్నాను. "వీళ్లకి పది వారాలే ఉంది. పరీక్ష అయ్యేదాకా నేను నోరు మూసుకుంటాను. నువ్వూ..."

"తరగతి పోతే పోనీ అనే ధైర్యం నాకు లేదు," అంది. "కానీ ఇంకో పిల్లని తెచ్చి ఈ గోడ ముందు నిలబెట్టే ధైర్యం అసలే లేదు. తెలిశాక ఎలా నిలబెట్టను? మీరు వెళ్లి చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

ప్రిన్సిపాల్ గదిలో నలుగురం కూర్చున్నాం. ప్రిన్సిపాల్, థీసిస్‌గారు, దస్తావేజు చూసుకునే వకీలు, నేను. ఐదో కుర్చీ పంతులమ్మది. అది తలుపు దగ్గర వేశారు. నేను ఫోటో బల్లమీద పెట్టి జరిగింది చెప్పాను. నన్ను తిడతారేమో అనుకున్నాను. తిట్టడానికి ఎవరికీ తీరిక లేదు.

థీసిస్‌గారి మొహం కాసేపు పాలిపోయింది. తర్వాత కొత్త పట్టిక దగ్గరికి లాక్కుని చూశాడు. చూస్తూ చూస్తూ వికసించాడు.

"ఆగండాగండి. పాత హాల్లో గడియారం ఉండేది. ఆడపిల్లలకి నూట నలభై మూడు. కొత్త హాల్లో గడియారం లేదు. నూట ఇరవై ఒకటి. అంటే ఏమిటన్నమాట? టిక్కుటిక్కు చప్పుడు వాళ్ల ఏకాగ్రతని పెంచుతుంది! నేను అప్పుడే ఒక పాదసూచికలో ఈ అనుమానం వెలిబుచ్చాను."

"గడియారాలు మళ్లీ తగిలించమంటారా?" అన్నాడు ప్రిన్సిపాల్.

"రెండో సంపుటం రానివ్వండి."

ప్రిన్సిపాల్ బాధ వేరు. "పుస్తకంలో ఇది వేస్తే మన పరువేం కాను? మొదటి ఏడు ఆడపిల్లల సగటు నూట డెబ్బై ఒకటి. ఇప్పుడు నూట ఇరవై. మన హయాంలో ఆడపిల్లలు దిగజారిపోయారని కాదూ అంటారు?"

"మొదటి ఏడు పరీక్ష రాసింది ముగ్గురే అండీ," అన్నాను. "ఇంట్లో వాళ్లనీ, వీధిలో వాళ్లనీ, తమ్ముళ్లనీ, అందరినీ దాటుకుని వచ్చినవాళ్లు. పుట్టెడు తెలివి ఉంటే తప్ప ఆ రోజుల్లో ఆ హాలు గుమ్మం దాకా రాలేదు ఎవరూ. మగపిల్లలకి ఆ బాధ లేదు. అంతంతమాత్రంగా చదివేవాడు కూడా నాన్న వెళ్లమంటే వచ్చి రాశాడు, నాలాగ. ఇప్పుడు అంతంతమాత్రంగా చదివే ఆడపిల్ల కూడా వస్తోంది. ఇన్ని వేల అంకెల్లో నాకు కనిపించిన మంచి కబురు అదొక్కటే. సగటు పడింది పిల్లలు తగ్గి కాదు. గుమ్మం వెడల్పయి."

ప్రిన్సిపాల్ శ్రద్ధగా విన్నాడు. మంచివాడు. "బాగా చెప్పారు. కానీ పుస్తకంలో గుమ్మం బొమ్మ వెయ్యలేం కదండీ. గీత వేస్తాం. గీత కిందికి పోతోంది."

అప్పుడు వకీలు కళ్లజోడు పెట్టుకుని దస్తావేజు తీశాడు. నేను భయపడ్డదే చదివాడు. సగటు తక్కువున్నవారికే తరగతి. వెంటనే అమలు. తరగతి ఇకపై మగపిల్లలకి. ప్రకటన వేసిన వారంలోగా ఒక్కరూ పేరు రాయించుకోకపోతే తరగతి రద్దు, గది కాలేజీది.

"మరి నా పిల్లలు?" అంది పంతులమ్మ తలుపు దగ్గరనుంచి.

"వాళ్లు ముందున్నారు కదమ్మా," అన్నాడు వకీలు ఎంతో దయగా. "సంతోషించండి."

ప్రకటన అతికించారు. మగపిల్లలు ప్రవేశ పరీక్షలో సగటున పదమూడు మార్కులు వెనకబడి ఉన్నందువల్ల వారికి ఉదయం పూట ఉచిత తరగతి అని. పరీక్ష దరఖాస్తులు కొనడానికి వచ్చిన కుర్రాళ్లు నోటీసుబోర్డు దగ్గర గుంపు కట్టారు.

"ఒరేయ్, నీ గురించేరా. వెళ్లు."

"నా గురించెందుకురా? పదమూడూ నీవే. నీ మొహంలోనే కనిపిస్తున్నాయి."

"ఆడపిల్లల కంటే వెనకా? ఎవడ్రా ఈ లెక్క కట్టింది? వాడికి లెక్కలొచ్చా?"

ఆ ప్రశ్న న్యాయమైనదే కాబట్టి నేను తల దించుకుని పక్కనుంచి వెళ్లిపోయాను. ఒక తండ్రి కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చి ప్రిన్సిపాల్ గదిలో పెద్దగా అరిచాడు, మావాడు వెనకబడ్డాడని రాయడానికి మీరెవరని. ఇంకొక కుర్రాడు సోమవారం పేరు రాయించుకుని మంగళవారం వచ్చి కొట్టేయించుకున్నాడు. స్నేహితులు దారిలో ఆపి పదమూడు, పదమూడు అని పిలుస్తున్నారట. ఇరవై రెండేళ్లు ఆడపిల్లలకి నువ్వు వెనకున్నావు అని చెబితే, అవును కాబోలు అని తెల్లారకముందే లేచి వచ్చారు. మగపిల్లలకి ఆ మాట వారంరోజులు కూడా మింగుడుపడలేదు.

ఆ వారమూ తరగతి లేదు. పంతులమ్మ మాత్రం ఆరింటికి వచ్చి గది తీసి కూర్చునేది. బొత్తాల దుకాణం పిల్ల, ఇంకో నలుగురూ వచ్చి సైకిల్‌స్టాండు దగ్గర నిలబడేవాళ్లు. లోపలికి రమ్మనడానికి ఆమెకి అధికారం లేదు. శుక్రవారం పొద్దున్న నేను వెళ్లేసరికి ఆ పిల్ల కిటికీ ఊచలు పట్టుకుని, బయటనుంచే ఒక లెక్క అడుగుతోంది. పంతులమ్మ లోపలినుంచి గోడకి చెబుతున్నట్టు చెబుతోంది.

"ఎంతమంది రాయించుకున్నారు?" అన్నాను.

"సున్నా. మీకిష్టమైన అంకె వెయ్యండి, రంగు కూడా మీ ఇష్టం," అంది మరదలు.

రేపటితో గడువు తీరిపోతుంది. ఇంటికెళ్లి దస్తావేజు నకలు ముందు పెట్టుకున్నాను. ముప్పై ఏళ్లు ఆ ఆఫీసులో కూర్చున్నందుకు నాకు అబ్బిన విద్య ఒకటే, కాయితంలో లేనిదేమిటో చూడటం. రెండుసార్లు చదివాను. లేనిది కనిపించింది.

శనివారం పొద్దున్న వకీలు, ప్రిన్సిపాల్ కూర్చుని తరగతి రద్దు కాయితం మీద సంతకం పెట్టబోతున్నప్పుడు నా దరఖాస్తు బల్లమీద పెట్టాను. ప్రవేశ పరీక్ష రాయదలచిన పురుషుడు, ఒకరు.

ప్రిన్సిపాల్ కాయితం చూశాడు, నన్ను చూశాడు. "మీరా? మీ వయసెంతండీ?"

"అరవై ఐదు. దస్తావేజులో వయసు లేదు."

"మీకు డిగ్రీ ఉంది కదా!"

"ఉంది. ఉన్నవాళ్లు మళ్లీ రాయకూడదని లేదు."

వకీలు దస్తావేజు తిరగేశాడు. ముందునుంచి ఒకసారి, వెనకనుంచి ఒకసారి. అతని మీసాల కింద ఏదో కదిలింది. "లేదు," అన్నాడు. "ఒక్కరు చాలు. తరగతి నడవాల్సిందే."

"ఇంకొక్క సందేహం," అన్నాను. "వెనక బెంచీల్లో వేరేవాళ్లెవరైనా ఊరికే కూర్చుంటే?"

"రిజిస్టర్లో ఎవరి పేరుందన్నదే కావాలి దీనికి. బెంచీల గురించి ఇందులో ఏమీ లేదు." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నేనూ పొద్దున్న ఆరింటికి లేచే మనిషిని కాను. వచ్చి చూడను."

మనుషుల్లో ఇలాంటి చిన్నచిన్న దయలుంటాయి. ఏ పట్టికలోనూ ఎక్కవు.

ప్రిన్సిపాల్ నిట్టూర్చి, "పరీక్ష నిజంగానే రాయాలి మరి," అన్నాడు.

"రాస్తానండీ."

"తప్పితే?"

"ఎర్రసిరాతో వెయ్యండి."

సోమవారం ఆరింటికి తరగతి మొదలైంది. గోడమీద పట్టిక లేదు. దాని మేకు కూడా పీకేసినట్టున్నారు. వెనక నాలుగు బెంచీల్లో పంతొమ్మిది మంది ఊరికే కూర్చున్నారు. ముందు బెంచీలో నేనొక్కణ్ణే, కొత్త నోటుపుస్తకంతో. పంతులమ్మ రిజిస్టరు తెరిచి ఎంతో గంభీరంగా హాజరు పిలిచింది.

"నంబరు ఒకటి."

"ఉన్నానండీ."

"పూర్తి హాజరు," అని రిజిస్టరు మూసింది. "మగపిల్లలు సగటున పదమూడు మార్కులు వెనకబడి ఉన్నారు. కాబట్టి ఈ గదిలో ఉన్న మగపిల్లాడి మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టమని నాకు ఆదేశం. లేవండి. పదిహేడో ఎక్కం చెప్పండి."

వెనక కిసుక్కుమని ఒక నవ్వు పుట్టి, నాలుగు బెంచీలూ తిరిగొచ్చింది. లేచాను. పదిహేడు ఏడుల దాకా బాగానే వచ్చాను. ముప్పై ఏళ్లు కూడికలు చేసిన బుర్ర పదిహేడు ఎనిమిదుల దగ్గర మొరాయించింది. పంతులమ్మ బోర్డు మీద తేదీ రాస్తూ, వెనక్కి తిరక్కుండానే ఆగింది.

"నూట ముప్పై ఆరండీ, తాతగారూ," అని బొత్తాల దుకాణం పిల్ల నా వీపు వెనకనుంచి గుసగుసగా అందించింది.

"నూట ముప్పై ఆరు," అన్నాను గట్టిగా.

"ఎవరు చెప్పారది?"

"మీ రిజిస్టరు ప్రకారం ఈ గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను, టీచరుగారూ."

పంతులమ్మ తిరిగి చూసింది. నవ్వాపుకోవడానికి సుద్దముక్కని రెండుగా విరిచింది. "కూర్చోండి," అంది. "పదిహేడు తొమ్మిదులు ఎంతో, ఆ లేనివాళ్లని చెప్పమనండి."

పంతొమ్మిది గొంతులు ఒక్కసారి లేచాయి.